వ్యవసాయ పట్టపు చదువులో ఏమేమి యుండవలెను?



పల్లెలకు పోయినప్పుడు అరుగులమీద కూర్చున్న పెద్దలు నన్ను చూచి ఒక మాట యనుచుందురు. "ఏమండీ, మీ కాలేజీలో నాలుగేండ్లు చదివి వచ్చిన పిల్లవాడికి మా పాలేరుకు తెలిసినపాటి సేద్యం తెలియదే!" అని. ముప్పది సంవత్సరములు వ్యవసాయ విద్యార్థులకు పాఠములు చెప్పినవాడను గనుక ఈ మాటకు నాకు మొదట కోపము వచ్చెడిది. పదవీ విరమణ చేసి, అరుగుమీద కూర్చుండు వయస్సు నాకును వచ్చిన పిమ్మట, ఆ మాటలో సగము నిజము గలదని ఒప్పుకొనుచున్నాను. తక్కిన సగము అన్యాయము. ఈ రెండు సగములను వేరుచేసి చూపుటకే నేటి ప్రసంగము.

విశ్వవిద్యాలయమున ఒక పట్టమునకు ఏయే విషయములు, ఏ వరుసలో, వారమునకెన్ని గంటలు చెప్పవలెనో నిర్ణయించు పట్టికను పాఠ్యప్రణాళిక యందురు. సిలబసు అన్న మాట మీకును పరిచితమే. దానిని సవరించు సభలలో నేను కొన్నిమార్లు కూర్చుంటిని. అక్కడికి వచ్చిన ప్రతి పండితుడును తన శాస్త్రమునుండి ఇంకొక పాఠము చేర్చవలెననును. తీసివేయవలసినది ఏదియని యడిగినచో ఎవ్వరును నోరు మెదపరు. గరిసె నిండియుండగా ఇంకొక బస్తా పోయవలెనన్నచో ముందు ఒక బస్తా తోడవలెను గదా! నాలుగు సంవత్సరములు, అనగా ఎనిమిది అర్ధసంవత్సరములు: ఇదియే మన గరిసె. ఇంతకంటె పెద్ద గరిసె ఎవరును ఇయ్యరు.

ఈ చదువు మన దేశమునకు క్రొత్తది కాదు. చెన్నపట్టణమునకు చేరువనున్న సైదాపేటలో 1876 లో వ్యవసాయ కళాశాల వెలసినది. అది 1906 లో కోయంబత్తూరునకు తరలినది. తెలుగుదేశమున బాపట్ల కళాశాల 1945 లో పుట్టినది. 1964 లో ఆంధ్రప్రదేశ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. 2014 లో రాష్ట్రము విడిపోయినప్పుడు అదియు రెండయినది. నాడు సైదాపేటలో చెప్పిన చదువు సీమనుండి వచ్చిన పుస్తకముల చదువు. ఆ కాలముననే, 1889 లో, వోల్కరు అను ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞుడు మన సేద్యమును సంస్కరించు మార్గములు చెప్పుటకై దొరతనమువారి పంపున వచ్చి దేశమంతయు తిరిగినాడు. 1893 లో అచ్చయిన ఆయన నివేదికలో, మంచి హిందూదేశపు రైతు సామాన్యపు ఇంగ్లీషు రైతునకు ఏమాత్రమును తీసిపోడనియు, కొన్నింట మిన్న యనియు వ్రాసినాడు. నేర్పవచ్చినవాడు నేర్చుకొని పోయినాడన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో ఒక పంక్తిగా నుండును. విద్యార్థి దానిని మార్కులకొరకు బట్టీపట్టును గాని, అట్లయినచో నేను రైతునొద్దకు పోయి ఏమి అడుగవలెనని ఆలోచింపడు.

నేనును ఆలోచింపలేదు. దాని ఫలము చెప్పెదను. ఇది నా తప్పు గనుక చెప్పుటకు నాకు అధికారము గలదు.

1974 లో నేను చదువు ముగించి, వ్యవసాయశాఖలో చిన్న ఉద్యోగిగా కృష్ణా పశ్చిమ డెల్టా చివరి భూములలో, సముద్రమునకు దగ్గరనున్న ఒక ఫిర్కాకు పోయితిని. వెళ్లిన నెలలోనే ఒక పెద్ద రైతు కచేరీకి వచ్చి, "బాబూ, మా మూడెకరాలు చౌడు పట్టింది, ఏం వేయమంటారు?" అని యడిగెను. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు మంచి మార్కులు వచ్చియున్నవి. చౌడునకు మందు జిప్సము. ఎకరమునకు రెండు టన్నులు వేసి, నీరు పెట్టి, దమ్ము చేయుడని కాగితముమీద వ్రాసి యిచ్చితిని. పొలము చూడలేదు. ఆయన భార్య మెడలోని గొలుసు తాకట్టు పెట్టి, బండ్లమీద జిప్సము తోలించి, నేను చెప్పినట్లే చల్లెను. ఆ సంవత్సరము నారు వేసిన పది దినములకు చేను చేనంతయు ఎఱ్ఱబారి చచ్చినది.

"బాబూ, మీరు చెప్పినదంతా వేశాను. ఇంకా తెల్లగానే పూస్తోంది" అని ఆయన వచ్చి చెప్పినప్పుడు, ఆ 'తెల్లగా' అన్న మాట నా చెవిని పడినది. అప్పుడు పొలమునకు పోయితిని.

మీలో డెల్టా చివరివారికి ఇది తెలిసిన సంగతియే. చౌడు ఒకటి కాదు, రెండు. తెల్లచౌడు వేరు, కారుచౌడు వేరు. తెల్లచౌడులో ఉప్పు నేలమీదికి తేలి వేసవిలో తెల్లగా పూయును; చేనిలో నిలిచిన నీరు తేటగా నుండును. కారుచౌడులో నేల నల్లబారును, ఎండినప్పుడు రాయివలె బిగియును, నీరు ఇంకక బురదగా నిలుచును. జిప్సము పనిచేయునది కారుచౌడునకు మాత్రమే. అందులో మట్టిరేణువులను పట్టుకొనియున్న సోడియమును జిప్సములోని సున్నపు అంశము త్రోసివేయును. తరువాత నీటితో అది కడిగివేయబడును. తెల్లచౌడునకు కావలసినది మందు కాదు, దారి. మంచినీరు పెట్టి ఉప్పును కరగించి, మురుగుకాలువగుండా పొలమునుండి వెళ్లగొట్టవలెను. ఆ రైతు పొలమునకు మురుగుకాలువ పూడి ఎన్నియో ఏండ్లయినది. నేను ఉప్పు పట్టిన నేలకు ఇంకొక ఉప్పు చేర్చితిని.

నా చదువులో ఈ రెండింటికిని ఇంగ్లీషు పేర్లు ఉన్నవి. మట్టి నీటికి విద్యుద్వాహకత నాలుగు దాటినచో ఒకటి, ఉదజని సూచిక 8.5 దాటినచో రెండవదియని అంకెలతోసహా నాకు కంఠస్థము. రైతునకు ఆ రెండింటికిని తెలుగు పేర్లు తెలియును. అయితే ఆయన అలవాటుకొద్దీ ఒట్టి చౌడు అనెను. నేను ఏ చౌడని యడుగలేదు. అడుగవలెనని నాకు ఎవరును నేర్పలేదు. మా యిద్దరి జ్ఞానమును కలిపియుంచవలసిన చోట ఒక మాట లోపించినది. దాని వెల ఆ యిల్లాలి గొలుసు.

కాబట్టి పాఠ్యప్రణాళికలో నేను మొట్టమొదట చేర్పింపదలచినది పల్లెమాట. ఇది కవిత్వపు ముచ్చట కాదు, వైద్యునికి రోగి భాష తెలియుట వంటిది. రేగడి, చల్క, గరువు, దుబ్బ, ఒండ్రు అను నేలల పేర్లు, కార్తెల వరుస, పైరుకు వచ్చు తెగుళ్ల పేర్లు, ఒక్కొక్క సీమలో వానికిగల మారుపేర్లు: ఇవన్నియు శాస్త్రనామముల ప్రక్కన విద్యార్థి వ్రాతపుస్తకములో ఉండవలెను. పరీక్షలో అడుగవలెను. అడుగనిదానిని విద్యార్థి చదువడు. ఇది అన్ని కాలములందును సత్యము.

అయితే పల్లెమాటతోనే పని తీరదు. ఇక్కడనే మీ మాటలోని అన్యాయపు సగము కనబడుచున్నది. ఉల్లికోడు సంగతి చూడుడు. వరిపిలకలు ఉల్లికాడవలె గొట్టములై, వెన్ను వేయకుండ పోవును. ఉల్లికోడు అన్న పేరు ఆ ఆకారమును ఎంత చక్కగా చెప్పుచున్నది! కొన్నిచోట్ల దీనినే గొట్టపురోగ మందురు. కాని అది రోగము కాదు. దోమవంటి చిన్న ఈగ గ్రుడ్డు పెట్టగా, దాని పురుగు పిలక మొదటిలో చేరుటవలన వచ్చిన వికారము. రోగమను పేరును నమ్మి తెగులుమందు చల్లినవాని డబ్బు వ్యర్థము. గొట్టము బయటకు కనబడునప్పటికి ఆ పిలక పని ముగిసినదే. పల్లెమాట లక్షణమును చెప్పును. కారణమును చెప్పుటకు సూక్ష్మదర్శినితో చూచిన కన్ను కావలెను.

ఇక నీటి చదువు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనమొకటి గలదు. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును త్రవ్వించి, ఆ సంగతిని రాతిమీద చెక్కించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరముల పని యని అందున్నది. ఆ శాసనమును చదివినప్పుడెల్ల నాకు అదియే ఒక పాఠ్యప్రణాళికగా తోచును. మంచి చెరువునకు కావలసిన అంగములు పండ్రెండు అని లెక్కించినాడు. ధర్మపరుడైన రాజు మొదటివాడు. జలశాస్త్రము నేర్చిన విద్వాంసుడు రెండవవాడు. పిమ్మట గట్టినేల, తీపినీటి యేరు, ఇరుప్రక్కల కొండ, మిక్కిలి పొడవు కాని దృఢమైన రాతికట్ట, లోతైన విశాలమైన గర్భము, దగ్గరలో మంచి రాతిగని, చెరువు క్రింద చదునైన సారవంతమైన పొలములు, ఇట్లు చెప్పుచు, పండ్రెండవ అంగముగా పనిలో ఆరితేరిన పనివాండ్ర గుంపును పేర్కొన్నాడు. విద్వాంసుని పేరుతోపాటు పనివానిని కూడ ఒకే పట్టికలో చేర్చినాడు, చూచితిరా!

అంతటితో ఆగలేదు. చెరువునకు దోషములు ఆరు అనియు వ్రాయించెను. కట్ట చెమర్చుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, గర్భము నడుమ మెరక లేచుట, నీరు కొద్దియై ఆయకట్టు పెద్దదగుట, నీరు పెద్దదై ఆయకట్టు కొద్దియగుట. పొలిమేర చెరువు దోషమను సంగతి ఆరువందల యేబది సంవత్సరములనాడే రాతిమీద ఉన్నది. రెండు రాష్ట్రముల నడుమ నీటి తగవులు చూచుచున్న మనకు దానిని వేరుగా వివరింపనక్కరలేదు.

నేటి మన పాఠ్యప్రణాళికలో అంగములున్నవి, దోషములు లేవు. ఏది ఎట్లు చేయవలెనో చెప్పుదుము గాని, ఏది ఎట్లు చెడిపోయినదో చెప్పము. ఏ విశ్వవిద్యాలయమునకైనను తన సలహా తప్పిపోయిన కథను తరగతిలో చెప్పుట కష్టమే. కాని నేను కోరునది అదియే. నాలుగవ సంవత్సరములో ఒక పాఠ్యాంశము కేవలము దోషములకొరకు ఉండవలెను.

అందులో మొదటి కథగా 1987 నాటి ప్రత్తిని చెప్పవలెను. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తి అప్పటికి బంగారపు పంట. కాయతొలుచు పురుగును చంపుటకు సింథెటిక్ పైరిథ్రాయిడ్లు అను క్రొత్తమందులు వచ్చినవి. మొదటి సంవత్సరములలో అవి అద్భుతముగా పనిచేసినవి. రైతులు ఒక పంటకు పదియేసి పదునైదేసి మార్లు, కొందరు అంతకు మించియు చల్లిరి. పురుగులను తిను సాలీళ్లు, అక్షింతల పురుగులు మొదలగు రైతుమిత్రులు ముందుగా చచ్చినవి. అప్పటివరకు లెక్కకు రాని తెల్లదోమ, దానిని తినువారు లేకపోవుటచే, చేలను కమ్మినది. ఎంత కొట్టిన అంత పెరిగినది. అప్పులపాలైన రైతులు కొందరు ఆ మందునే త్రాగి ప్రాణములు తీసికొనిరి. పది సంవత్సరములు గడచిన పిమ్మట 1997-98 లో ఓరుగల్లు జిల్లాలో, వేరొక పురుగుతో, అదే కథ మరల నడచినది. ఒక జిల్లాలో జరిగిన దోషమును ఇంకొక జిల్లాకు పోవువానికి మనము పాఠముగా చెప్పియుండినచో ఎన్ని ప్రాణములు నిలిచెడివో నేను చెప్పజాలను. చెప్పలేదని మాత్రము చెప్పగలను. అప్పుడు తరగతిలో నిలిచియున్నవాడను నేనే.

మందు ఎప్పుడు కొట్టవలెనో చెప్పుట సులభము. ఎప్పుడు కొట్టనక్కరలేదో చెప్పుట విద్య. వరిలో సుడిదోమ కనబడగానే రైతు మందుకొట్టునకు పరుగెత్తును. చదువుకొన్న కుఱ్ఱవాడు చేనిలోనికి దిగి, దుబ్బు మొదలు విప్పి, లెక్కపెట్టవలెను. దుబ్బునకు పది పదునైదు దోమలకు లోపున్నంతవరకు మందు అక్కరలేదు. నాటునప్పుడే రెండేసి మీటర్లకు ఒక జానెడు కాలిబాట వదలి, గాలి వెలుతురు సోకునట్లు చేసినచో ఆ లెక్క చాలమార్లు పది దాటదు. ఇది నల్లబల్లమీద నేర్పు పాఠము కాదు. బురదలో దిగి మోకాళ్లవరకు తడిసి నేర్చుకొనవలసినది. ఇందుకు గంటలు కేటాయింపవలెను.

ఈపాటికి మీలో కొందరు, "అయితే ఆ రసాయనములు, జన్యుశాస్త్రము, గణాంకములు తీసివేసి పిల్లవానిని పొలములోనే ఉంచరాదా?" అని తలచుచుందురు. కూడదు. ఆ విషయమున నేను మీ పక్షమున నుండలేను. మీరు దినదినము తిను సాంబమసూరి, బి.పి.టి. 5204 అను పేరుతో 1986 లో బాపట్లనుండి వెలువడినది. అది చేనిగట్టుమీద దొరికినది కాదు. మూడు రకములను సంకరపఱచి, తరతరములు ఎన్నికచేసి సాధించినది. ఆ రకమునకు ఎండాకు తెగులు పెద్ద శత్రువు. హైదరాబాదులోని రెండు పరిశోధనాలయములవారు కలిసి ఆ తెగులునకు ఓర్చు మూడు జన్యువులను అందులోనికి తెచ్చి, గింజ సన్నదనము చెడకుండ మేలైన సాంబమసూరిని 2008 లో విడుదల చేసిరి. ఒక జన్యువునకు తెగులు అలవాటుపడినను తక్కిన రెండును కాపాడునని మూడింటిని కూర్చినారు. ఈ పని చేసినవారు తమ ఇరువదవ యేట ఆ 'పనికిరాని' జన్యుశాస్త్రమును చదివినవారే. అందరును పరిశోధకులు కాకపోవచ్చును. అయినను ఎవడగునో ముందుగా తెలియదు గనుక అందరికిని విత్తనము చల్లవలసినదే.

గణాంకశాస్త్రము మాట కూడ చెప్పవలెను. "మా తోడల్లుడు ఫలానా మందు వేశాడు, నలభై బస్తాలు పండింది" అన్న మాటను మనము సాక్ష్యముగా తీసికొందుము. ఆ సంవత్సరము వాన బాగుండెనేమో, ఆ పొలము చెరువు క్రింది మొదటి మడియేమో! అదే నేలను పాళ్లుగా విభజించి, చీట్లు తీసినట్లు కొన్ని పాళ్లకు మందు వేసి, కొన్నింటికి వేయక, మూడు నాలుగు మార్లు అట్లు చేసి చూచినగాని నిజము తేలదు. నేడు ప్రకృతి వ్యవసాయమును గూర్చి మన ప్రాంతమున గొప్ప వాదము నడచుచున్నది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2016 నుండి దానిని పెద్దయెత్తున ప్రోత్సహించుచున్నది. ఒకరు దానిని సర్వరోగనివారిణి యందురు. ఇంకొకరు వట్టి మోస మందురు. పాఠ్యప్రణాళికలో దానిని చేర్చవలెనా? తప్పక చేర్చవలెను, నమ్మకముగా కాక పరీక్షగా. ప్రతి కళాశాల క్షేత్రమునను ప్రక్కప్రక్కన రెండు మడులు వేసి, విద్యార్థులే ఎరువు, కూలి, దిగుబడి, మిగులు అన్నియు పద్దు వ్రాసి, అయిదారు తరగతులవారు వరుసగా ఆ పద్దును సాగింపవలెను. ఒక యేడు లెక్కతో తీర్పు చెప్పరాదు. నేల నెమ్మదిగా మారునది.

పద్దు అన్నాను గనుక డబ్బు సంగతి. వ్యవసాయార్థిక శాస్త్రమను పేరిట మా విద్యార్థులు గిరాకీ సరఫరాల గీతలు గీయుదురు. కాని ఒక కౌలురైతు పద్దును మొదటినుండి తుదివరకు వ్రాసినవాడు నూటికి ఒకడుండడు. డెల్టాలో దున్నువారిలో చాలమంది కౌలుదారులే గదా. వారికి పంట ఋణము, నష్టపరిహారము దొరకుటకై 2011 లో ఒక చట్టము, ఆంధ్రప్రదేశమున 2019 లో ఇంకొక చట్టము వచ్చినవి. రెండవదాని ప్రకారము పదునొకండు నెలల ఒప్పందమునకు భూమిగలవాని సంతకము కావలెను. సంతకము పెట్టిన భూమి పోవునేమోనని ఆయన భయము. పెట్టకపోయిన అప్పు పుట్టదని ఈయన బాధ. ఈ చిక్కు తెలియని పట్టభద్రుడు, "బ్యాంకుకు పోయి తక్కువ వడ్డీకి అప్పు తీసికొనుము" అని కౌలుదారునకు సలహా చెప్పినచో, అది నా జిప్సము సలహా వంటిదే. విత్తన చట్టములును అట్లే. 2001 నాటి చట్టము రైతు తన పంటనుండి విత్తనము దాచుకొనుటకు, ఇరుగుపొరుగున ఇచ్చిపుచ్చుకొనుటకు హక్కు నిచ్చినది. అచ్చువేసిన పేరుతో సంచికట్టి అమ్మకూడదు, అంతే. ఈ మాట ఎందరు రైతులకు తెలియును? తెలియజెప్పవలసినవానికే పరీక్షలో అడుగలేదు.

సరే, ఇన్ని చేర్చవలెనంటిని; తీయవలసినవి ఏవి? నా స్వంత పాఠములనుండియే మొదలుపెట్టెదను. వరి రకములు, వాని విడుదల సంవత్సరములు, దినముల లెక్కలు, నూరింటి పట్టికను నేను ఏటేట వల్లె వేయించితిని. అందులో సగము రకములు విద్యార్థి ఉద్యోగములో చేరునాటికి పొలములో లేకుండ పోయెడివి. పట్టిక పుస్తకములో నుండును, ఇప్పుడు జేబులోని ఫోనులోనే యుండును. దానిని తలలో మోయనేల? రకమును ఎన్నుకొను పద్ధతి నేర్పిన చాలును: ఈ నేలకు, ఈ నీటికి, ఈ బజారునకు ఏది తగునని. పురుగుమందుల వ్యాపారనామములు కంఠస్థము చేయించుటయు మానవలెను. దానికి బదులు డబ్బామీది త్రికోణపు రంగులు చదువుట నేర్పవలెను. ఎఱుపు మిక్కిలి విషము. పిదప పసుపు, నీలము. ఆకుపచ్చ అన్నింటికంటె తక్కువ. ఇది కూలికి వచ్చి మందు కొట్టు మనిషికి కూడ చెప్పవలసిన చదువు. ఒకే విషయమును మూడు శాఖలవారు మూడు పేర్లతో మరల మరల చెప్పుటయు గలదు. దానిని తగ్గించుటకు పండితులు ఒకరి తరగతిలో ఒకరు కూర్చుండవలెను. అది జరుగుట ఎంత కష్టమో నాకు తెలియును గనుక దానిని గూర్చి ఎక్కువ చెప్పను.

తుదకు గ్రామవాసము. 1948-49 నాటి విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు అధ్యక్షుడు. వ్యవసాయ విద్య పల్లెటి వాతావరణములో జరుగవలెనని ఆ సంఘము చెప్పినది. నేడు నాలుగవ సంవత్సరములో ఒక అర్ధసంవత్సరము విద్యార్థులు పల్లెలకు వచ్చి, ఒక్కొక్కరు ఒక్కొక్క రైతునొద్ద పని నేర్చుకొను ఏర్పాటు ఉన్నది. ఇది ఈ ప్రణాళిక మొత్తములో మంచి భాగము. కాని ఆలస్యముగా వచ్చుచున్నది. మూడు సంవత్సరములు పుస్తకము చదివి, తుదిలో పల్లెకు వచ్చినవానికి అడుగవలసిన ప్రశ్నలు అప్పుడు పుట్టును. వానికి సమాధానము చెప్పు గురువు తరగతి అప్పటికి ముగిసియుండును. మొదటి సంవత్సరము తొలకరిలో నెల దినములు, తరువాత కోతలలో నెల దినములు పంపి, ప్రశ్నలు మూటగట్టుకొని తరగతికి రానిండు. చదువు వేరుగా నుండును. 2024 నాటి ఆరవ డీన్ల సంఘపు నివేదికననుసరించి, ఒక సంవత్సరము చదివి మానినవానికి సర్టిఫికెట్టు, రెండేండ్లు చదివినవానికి డిప్లొమా ఇచ్చు పద్ధతి వచ్చినది. అట్టి మార్పు జరిగిన తరువాత మొదటి సంవత్సరమున పల్లె యెక్కువగా లేకపోవుట మరింత లోపము.

ఇందులో మీ పాలు కూడ గలదు. ఆ పిల్లలు వచ్చినప్పుడు మీరు కుర్చీ వేసి, కాఫీ యిచ్చి, హాజరు కాగితముమీద సంతకము చేసి పంపుచున్నారు. అతిథి మర్యాద మంచిదే గాని విద్యార్థికి అది విషము. ఆడపిల్లయైనను మగపిల్లవాడైనను మడిలో దింపుడు. కలుపు తీయు ఆడవారి వరుసలో నిలుపుడు; ఏ కలుపు ఏ వేళ మొలచునో, ఏ విత్తనమును ఎట్లు పురుగు పట్టకుండ దాచవలెనో మీకంటె వారికే ఎక్కువ తెలియును. మీ పంటకాలువ ఎక్కడ తెగునో, మురుగు ఎక్కడ నిలుచునో నడిపించి చూపుడు. నిరుడు మీకు ఏ పంటలో ఎంత పోయినదో దాచక చెప్పుడు. మీకు లాభము వచ్చిన సంగతి వారికి పుస్తకములోనే దొరకును. విశ్వవిద్యాలయమువారు మార్కులు వేయుటలో మీ యభిప్రాయమును అడిగినచో, "పిల్లవాడు మంచివాడు" అని వ్రాయకుడు. ఏమి తెలియలేదో వ్రాయుడు.

నేను అధ్యాపకుడనైన పిమ్మట ఏటేట ఒక తరగతిని ఆ మూడెకరముల పొలమునకు తీసికొని పోవుచుండెడివాడను. ఆ పెద్దరైతు గట్టుమీద కూర్చుండి, పిల్లలకు రెండు చౌడుల భేదమును తానే చెప్పెడివాడు. రెండు మూడేండ్లు మురుగుకాలువ పూడిక తీసి, మంచినీటితో కడిగి, జీలుగ చల్లి దున్నిన తరువాత ఆ నేలలో వరి నిలిచినది. జిప్సము కథ కూడ ఆయనయే చెప్పెడివాడు, నా పేరు చెప్పకుండ, "ఒక కొత్త ఆఫీసరుగారు" అనుచు. పిల్లలు నవ్వెడివారు. ఆయన నావంక చూచెడివాడు కాడు. పాఠమయిన తరువాత పిల్లలందరిచేతను తలకొక పార పట్టించి, కాలువలో ఆ యేడు చేరిన పూడిక తీయించి గాని పంపెడివాడు కాడు.